అద్దము లేని కెమేరాతో కోనసీమలో

సోదరీమణులు మొదట నవ్వుకొనవచ్చును. వంటయిల్లు, దేవునిగది, పెరటిలోని ఆవు, చుట్టును కొబ్బరితోట, వీనితోనే ప్రొద్దు పుచ్చు మావంటి గృహిణులకు కెమేరాలతో నేమి పనియని మా అత్తగారును అడిగిరి. చాలకాలము మేమును అట్లే తలంచితిమి. మూడేండ్ల క్రిందట మా పెద్దవాడు పైదేశమునుండి సంక్రాంతికి వచ్చి, తిరిగి పోవునపుడు తన పాత కెమేరాను, రెండు లెన్సులను మా బీరువాలో వదలిపోయెను. “అమ్మా, ఊరికే మూలన పెట్టకు, బూజు పడుతుంది. అప్పుడప్పుడు తీసి వాడుతూ ఉండు” అని మాత్రము చెప్పెను. బూజు పట్టునను భయముచేతనే మేము దానిని చేతబట్టితిమి గాని అంతకు మించిన కళాభిలాష మాకు లేదు. ఊరగాయ జాడీపై నెంత కనిపెట్టి యుందుమో దీనిపైనను అంతే కనిపెట్టి యుంటిమి.

అది మిర్రర్‌లెస్ జాతి కెమేరా, అనగా అద్దము లేనిది. అద్దమెక్కడిది, అది లేకపోవుట గొప్పయేమి యని మేమును మొదట తెల్లబోతిమి. ఇదివరకటి పెద్ద కెమేరాలలో లెన్సు వెనుక ఏటవాలుగా నొక చిన్న అద్దముండెడిది. లెన్సుగుండ వచ్చిన వెలుతురు ఆ అద్దముపై బడి, పైకి మరలి, గాజుపట్టకము గుండ మన కంటికి చేరెడిది. మీట నొక్కగనే అద్దము పైకి లేచి దారి యిచ్చెడిది. అంతట వెలుతురు వెనుకనున్న ఫిల్ముపైనను, తరువాతి కాలమున సెన్సరుపైనను పడెడిది. ఫోటో తీయునపుడు వినవచ్చు “టక్కు”మను చప్పుడులో సగము ఆ అద్దముదే. క్రొత్తవానిలో అద్దమును తీసివేసిరి. వెలుతురు నేరుగా సెన్సరుపై బడును. సెన్సరు చూచుచున్న దానినే కంటి కానించుకొను చిన్న తెరపై మనమును చూతుము. 2008లో పానసోనిక్ వారి జి1 ఈ తీరున బయలుదేరినది. 2013లో సోనీవారు 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు గల పూర్తి ఫ్రేము సెన్సరుతో తమ ఏ7ను తెచ్చిరి. 2018లో నైకాన్, కేనన్ వారును పూర్తి ఫ్రేము కెమేరాలలో ఆ త్రోవనే పట్టిరి.

దీనివలన గృహిణికి కలిగిన మేలు చెప్పెదము. చారులో ఉప్పు సరిపోయినదో లేదో వడ్డించిన పిమ్మటగాని తెలియనిచో నెంత యవస్థ! పాత కెమేరాలతో పని యట్లే యుండెడిదట. చిత్రము తీసిన పిదపగాని వెలుగెక్కువైనదో తక్కువైనదో తెలియదు. ఇందులో తీయకమునుపే తెరపై తెలిసిపోవును. నైవేద్యపు వంటను రుచి చూడరాదు గాని ఛాయాచిత్రమునకు ఆ నిషేధము లేదు. ఇక చప్పుడు. ఈ కెమేరాను బొత్తిగా నిశ్శబ్దముగా పనిచేయించుకొనవచ్చును. మా పిల్లి కునుకు చెడదు, కాలువగట్టుమీది కొంగ తల యెత్తదు.

లోపములును కలవు. కంటితెర యెల్లప్పుడును వెలుగుచుండుటవలన బ్యాటరీ త్వరగా నీరసించును. పాత అద్దపు కెమేరాలు ఒక్క పర్యాయపు చార్జితో ఇంచుమించు వేయి చిత్రములు తీయుచుండగా, ఇవి పెక్కు మూడు నాలుగు వందలకే చేతులెత్తును. గాలివాన వచ్చి రెండుదినములు కరెంటు లేని మాబోటి యూళ్ళలో ఒక అదనపు బ్యాటరీ తప్పదు. నిశ్శబ్దపు పద్ధతిలో ఇంకొక చిక్కు గలదు. సెన్సరు దృశ్యమును పైవరుసనుండి క్రిందివరుసకు చదువుకొనుచు పోవును. అంతలో పిట్ట రెక్క కదలినచో చిత్రములో ఆ రెక్క కొడవలివలె వంగి కన్పట్టును. అందుచేత ఎగురు పక్షులకు మేము షట్టరు చప్పుడునే కోరుకొందుము.

స్త్రీలకు ఛాయాచిత్రములు క్రొత్త గావని యిచట నొకమాట చెప్పవలెను. నిజాము కొలువున పేరుపొందిన రాజా దీనదయాళుగారు 1892లోనే హైదరాబాదున ఘోషా స్త్రీలకై ప్రత్యేకముగా జనానా స్టూడియో తెరచి, దానిని ఒక ఆంగ్లవనిత చేతిలో నుంచిరి. కెమేరాకు ముందేకాక వెనుకను స్త్రీయే నిలిచిన స్టూడియో అది. మన దేశమున తొలి పత్రికా ఛాయాచిత్రకారిణిగా ఖ్యాతి గన్న హోమాయ్ వ్యారావాలాగారు (1913–2012) చీరకట్టుతోనే బరువైన కెమేరా మోసి, దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన నాటి ఘట్టములను చిత్రించిరి. ఆమెకు 2011లో పద్మవిభూషణ బిరుదము వచ్చినది. ఆమె మోసిన కెమేరాతో పోల్చినచో మా చేతిలోనిది అటుకుల పొట్లమువంటిది.

మేము మొదట పట్టుకొన్నది మా పిల్లిని. అది వంటయింటి కిటికీలో ఉదయమున ఎండ కాచుకొనును. పక్కనుండి వచ్చు ఆ మెత్తని వెలుతురులో దాని మీసములు వెండితీగెలవలె మెరయును. నిలుచుండి పైనుండి తీసిన మొదటి యిరువది చిత్రములలో పిల్లి నేలపై బడిన గుడ్డపేలికవలె నున్నది. చీర కుచ్చెళ్ళు దోపుకొని నేలపై చతికిలబడి, దాని కన్నుల యెత్తునకు కెమేరాను దించిన పిదపగాని అది మా పిల్లిగా కానరాలేదు. దూడకైనను, కుక్కకైనను, పసిబిడ్డకైనను ఇదియే మొదటి పాఠము. 2019 మొదలు వచ్చుచున్న కెమేరాలలో పెక్కింటికి జంతువు కన్నును తామే వెదకి పట్టుకొను నేర్పు కలదు. కంటిమీద నొక చిన్న చతురస్రము నిలిచి, అది తల త్రిప్పినను విడువదు. మా పాతదానికి ఆ విద్య అంతంతమాత్రమే. అందుచే కంటిపై గురిని మేమే నిలుపుకొందుము. 50 మిల్లీమీటర్ల చిన్న లెన్సును పూర్తిగా తెరచినచో వెనుకనున్న గిన్నెలు, చీపురుకట్ట అన్నియు మంచులో కరగినట్లు కరగిపోవును. కాని మరీ దగ్గరగా తీసినచో పిల్లికన్ను తేటగా నుండి ముక్కు మసకబారును. కొంచెము మూసి తీయుట మేలు.

మా వీధికుక్క కాటుకనలుపు. మా యింటి అన్నము తిని మా వాకిట పండుకొనును గనుక మాదే యనుకొందుము. దానిని చిత్రించినపుడెల్ల బూడిదలో పొర్లినట్లు వచ్చుచుండెను. కారణము విచారింపగా తెలిసినదేమన, కెమేరా తాను చూచు ప్రతిదానిని నడిమి బూడిదరంగునకు తెచ్చుటకు యత్నించునట. చట్రమంతయు నల్లనిదే నిండినపుడు వెలుగు తక్కువైనదని భ్రమించి పెంచివేయును. అప్పుడు మనమే ఒక మెట్టు తగ్గింపవలెను. తెల్లని ఆవు దగ్గరగా నిలిచినచో దీనికి విపర్యయము, ఆవు మురికిబట్టవలె వచ్చును; వెలుగు పెంచవలెను. అయితే పచ్చని వరిచేలో దూరముగా నొంటికాలిపై నిలిచిన కొంగను తీయునపుడు ఈ లెక్క తలక్రిందగును. అక్కడ చట్రమును నింపినది ముదురాకుపచ్చ. కొంగ యొక చుక్క మాత్రమే. కెమేరా పచ్చదనమును చూచి వెలుగు పెంచును, కొంగ యీకలన్నియు సున్నపుముద్దవలె కలిసిపోవును. అచ్చట తగ్గింపవలసినదే. ఈ ఒక్క సంగతి తెలియక మేము ఒక వర్షాకాలమంతయు కొంగలను పాడుచేసితిమి.

కోడిపుంజులను తప్పక తీయుడు. డేగ, కాకి, నెమలి, పింగళ అని రంగులనుబట్టి మనవారు పెట్టిన పేర్లలోని మర్మము, ఏటవాలు ఎండలో ఆ మెడయీకలను దగ్గరగా చూచినప్పుడుగాని మాకు బోధపడలేదు. వానిని బరిలోనికి దింపక పెరటిలోనే చూడవలెనని మా కోరిక. పంజరపు రామచిలుకను మాత్రము పెంపుడు జంతువుగా నెంచి చిత్రింపవలదు. చిలుకను పట్టుటయు, బంధించుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముననుసరించి నేరము. అది 2018 నుండి మన ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రపక్షి కూడను. చిలుకలు కావలెనన్నచో జామచెట్టు క్రింద కాచుకొని కూర్చుండిన చాలును.

పెరడు దాటి కాలువగట్టు చేరుటకు మాకు ఎనిమిది నెలలు పట్టినది. దూరమువలన కాదు, జంకువలన. తెల్లవారుజామున స్త్రీ యొకతె ఒంటరిగా గట్టుపై కూర్చుండి నీటివంక చూచుచుండుట మాయూర నెన్నడును లేదు. మొదటినాడు సైకిలుపై పోవు పాలకుఱ్ఱడు ఆగి, “ఆయ్, కాలవ సర్వేకి వచ్చారాండీ?” అని యడిగెను. మరునాడు ఇద్దరు రైతులు వచ్చి బోదెలోనికి నీరు రావడము లేదని మాతో మొరపెట్టుకొనిరి. మేము ఆఫీసువారము కామనియు, లకుముకిపిట్టకై కూర్చుంటిమనియు చెప్పగా, వారు కొంతసేపు నమ్మలేదు. నమ్మిన పిదప, అది ప్రతిదినము ఏ వెదురుగడపై వ్రాలునో వారే చూపిరి. అది నిజము. లకుముకిపిట్ట తన కిష్టమైన ఒక్క చోటికే మరల మరల వచ్చును. దాని వెంట పరుగెత్తనక్కరలేదు; ఆ గడకు గురిపెట్టి కదలక కూర్చుండిన చాలును. నీటిలోనికి దూకు క్షణమునకు సెకనులో రెండువేలవ వంతు వేగము కావలెను. మాకు ఇంతవరకు చిక్కినవి నీటిచుక్కలే. పొడవు లెన్సు లేదు గదా యని పిల్లవాడు ఫోనులో నోదార్చును. అట్టి టెలిఫోటో లెన్సు వెల లక్ష రూపాయలను సులభముగా దాటును. ఇంత సొమ్ము పోసి కొనుమని మేము ఎవరికిని చెప్పము. అద్దము లేకపోవుటవలన ఈ కెమేరాలలో లెన్సునకు సెన్సరునకు నడుమ ఎడము తక్కువ. అందుచేత నడుమ నొక తొడుగు వేసి పాతకాలపు లెన్సులను తగిలించుకొనవచ్చును. గురి చేతితో త్రిప్పుకొనవలెను, అంతే.

ఇప్పుడు చెప్పబోవునది చెప్పుకొనుటకు మాకు సిగ్గుగా నున్నది. రెండవయేట వేసవిలో మా నందివర్ధనపు పొదలో పిగిలిపిట్టలు గూడు కట్టినవి. మూడు గ్రుడ్లు పెట్టి, మూడును పొదిగినవి. తల్లి పురుగును తెచ్చి నోట బెట్టు చిత్రమునకై మేము కిటికీలో రెండు దినములు కాచితిమి. ఒక కొమ్మ అడ్డముగా నుండెను. ఆ కొమ్మను విరువలేదు. విరిచినచో పాపమని తలచి, ఒక పురితాడుతో మెల్లగా ప్రక్కకు లాగి కట్టితిమి. చిత్రము బహుచక్కగా వచ్చినది. మూడు ఎఱ్ఱని నోళ్ళు, పైన తల్లి, ముక్కున పచ్చపురుగు. ఆ సాయంకాలమే దానిని పిల్లవానికి పంపి మురిసిపోతిమి. కట్టు విప్పుట మరచితిమి. మరునాడు ఉదయము కాకి కూతలకు లేచి చూతుము గదా, గూడు వట్టిది. ఆ కొమ్మయే వానికి చాటు. అడ్డమని మేము తొలగించినది వాని యింటితలుపు. తల్లిపిట్ట మధ్యాహ్నమువరకు నోట పురుగుతో తీగెపై కూర్చుండి యుండెను. మా అత్తగారు ఏమియు ననలేదు. పురితాడును తామే విప్పి, చుట్టచుట్టి దూలముమీద పెట్టిరి.

మన దేశమున పక్షిచిత్రముల పోటీలలో పెక్కు గూటిచిత్రములను స్వీకరింపవని మాకు పిమ్మట తెలిసినది. కారణము మాకు వేరుగా నెవరును చెప్పనక్కర లేకపోయినది. ఆ చిత్రమును మేము చెరిపివేయలేదు, ఎవరికిని చూపను లేదు. అప్పటినుండి గూడున్న పొదవైపు కిటికీని మూసియే యుంచుదుము.

సముద్రతీరమున నుండు సోదరీమణులకు ఇట్టిదే యింకొక సంగతి. జనవరి మొదలు మార్చి వరకు అంతర్వేది, ఓడలరేవు మొదలగు తీరములలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రివేళ యిసుకలో గ్రుడ్లు పెట్టవచ్చును. వానిపై ఫ్లాషు వెలిగింపరాదు. బెదరినచో గ్రుడ్లు పెట్టకయే మరలిపోవును. నెలన్నర రెండునెలలకు వెలువడు పిల్లలు నీటిపై తేలు వెలుగునుబట్టి సముద్రపుదారి కనుగొనును. మన దీపములు చూచినచో ఊరివైపు ప్రాకును. తెల్లవారిన పిదప ఇసుకపై తల్లి వదలిన జాడను తీసికొనుడు. రెండు ప్రక్కల అల్లికవలె నుండు ఆ జాడ తాబేటికంటె అందముగా వచ్చునని మా మతము. గౌతమికి ఆవల, 1978లో ఏర్పడిన కోరింగ అభయారణ్యములో బావురుపిల్లులు కలవు గాని, అవి రాత్రించరములు. మడచెట్ల నడుమ మనుష్యులు లేనపుడు తామే పనిచేయు కెమేరాలకుగాని అవి సాధారణముగా చిక్కవు. పడవపై పోయి మేము చూచినవి పీతలు, కొంగలు మాత్రమే. అయినను మంచి దినమే.

ప్రకృతిదృశ్యముల మాటకు వత్తము. కోనసీమను తీయుట సులభమని యందరును అనుకొందురు. ఎటు చూచినను కొబ్బరిచెట్టు, నీరు, పడవ. అదియే కష్టము, అన్నియు ఒక్కటే బొమ్మవలె వచ్చును. మిట్టమధ్యాహ్నము కొబ్బరితోటలో ఎండ చిల్లులు చిల్లులుగా పడి, చిత్రమంతయు బొల్లి పట్టినట్లుండును. ధనుర్మాసపు మంచులోగాని, వాన వెలిసిన మబ్బుపూటగాని తీసినచో ఆకుపచ్చలోని తరతమములు తేలును. కొబ్బరాకుపై మైనపుపొర యుండుటచే అది ఆకాశమును ప్రతిబింబించి తెల్లగా మెరయును. పోలరైజరు అను గాజుబిళ్ళను లెన్సుముందు తగిలించి త్రిప్పినకొలది ఆ మెరుపు పోయి అసలు పచ్చదనము పైకి వచ్చును. సూర్యుడు మన భుజమువైపున నున్నపుడు ఆకాశపు నీలిమయు గాఢమగును. అయితే అదే బిళ్ళ నీటిలోని చెట్లనీడలను కూడ తుడిచివేయగలదు. నీడలు కావలెనో, నీటి యడుగు కావలెనో ముందు మనసున తేల్చుకొని పిదప త్రిప్పవలెను.

పి.గన్నవరమువద్ద వైనతేయపాయ మీదుగా కాలువను దాటించు పాత అక్విడక్టు పందొమ్మిదవ శతాబ్దపు నడుమ, కాటన్ దొరగారి ఆనకట్ట కాలమున కట్టినది. దాని 49 కమానులును వేకువనీటిలో పూర్తివలయములగును. అట్టి చోట పోలరైజరును విప్పి సంచిలో వేసికొనుడు. గోదావరిని కంటితో నెట్లు చూడవలెనో తెలియగోరువారు రాజమహేంద్రవరమున దామెర్ల రామారావుగారి (1897–1925) చిత్రశాలకు ఒకమారు పోవలెను. ఇరువదేడేండ్లకే గతించిన ఆ చిత్రకారుడు ఎంత విడిచిపెట్టెనో చూచినచో, చట్రములో నేమి యుంచవలెనో మనకు తెలియును. 1975లో వచ్చిన బాపుగారి ‘ముత్యాలముగ్గు’నకు ఛాయాగ్రహణము చేసిన ఇషాన్ ఆర్యాగారికి జాతీయబహుమానము వచ్చినది గదా. ఆ చిత్రమును మేము కథకై మూడుమార్లును, వెలుతురుకై నాలుగవమారును చూచితిమి.

కనుమనాడు మొసలపల్లి చెంత జగ్గన్నతోటకు ఏకాదశరుద్రుల ప్రభలు వచ్చును. గంగలకుర్రు ప్రభలు కౌశికపాయను దాటునపుడు మోయువారు నీటిలో దిగి, పంటచేలలో నడతురు. చేలు త్రొక్కినారని ఏ రైతును విసుగుకొనడు. 2023 గణతంత్రదినమున ఢిల్లీలో మన రాష్ట్రపు శకటము ఈ ప్రభలతీర్థమే. మేము అక్కడ వెడల్పు లెన్సుతో ప్రభ మొత్తమును పట్టబోయి, చివర కొక మోతకాని భుజముపై నున్న తువాలును మాత్రమే చక్కగా తీసితిమి.

లెన్సులకు బూజు పట్టుటను గూర్చి చెప్పి మరచుటకు వీలులేదు. మన గాలిలో తేమ యెక్కువ. మూత బిగువుగా పట్టు డబ్బాలో సిలికాజెల్ పొట్లములు వేసి అందులో నుంచుడు. బియ్యములో పెట్టవలదు, దాని పిండి కీళ్ళలో చేరును. ఏసీ గదినుండి తిన్నగా బయటికి తెచ్చినచో గాజుపై చెమట పట్టును; సంచిలోనే కొంతసేపు ఉంచి పిదప తీయవలెను. సముద్రపుగాలి తగిలిన నాడు మెత్తనిబట్టతో ఉప్పు తుడువక నిద్రింపరాదు.

ఉప్పు అనగా రాజోలువైపు సంగతి జ్ఞప్తికి వచ్చినది. శంకరగుప్తము మురుగుకాలువగుండ సముద్రపుపోటు ఎగదన్ని, కేశనపల్లి ప్రాంతమున కొబ్బరితోటలలో ఉప్పునీరు నిలిచి, చెట్లు మొవ్వు వాలి మోడులైనవి. 2025 నవంబరులో ఉపముఖ్యమంత్రిగారు వచ్చి చూచిపోయిరి. అంతకుముందు రెండేండ్లనుండి మేము ఆవైపున చుట్టపుటింటికి పోయినపుడెల్ల, ఒక రైతు తోటను అదే గట్టుమీద, అదే వంతెనస్తంభమున కానుకొని, అదే లెన్సుతో తీయుచుంటిమి. ఏదో ప్రయోజనమును ఉద్దేశించి కాదు. ఒకే చోటనుండి ఋతువులు మారుట చూడవలెనని. మొదటి చిత్రములో వరుసకు పదునాలుగు చెట్లు నిండుతలలతో నున్నవి. రెండవదానిలో ఆకులు గొడుగు ముడిచినట్లు క్రిందికి వాలినవి. మూడవదానిలో ఆకాశమే యెక్కువ, నడుమనడుమ స్తంభములు.

మూడును ప్రక్కప్రక్కన పెట్టి ఫోనులో ఆయనకు చూపితిమి. ఆయన చాలసేపు మొదటిదానినే చూచుచు, “ఆయ్, ఇది మా నాన్నగారు పాతిన వరసండి” అనెను. తరువాత రెండేసి ప్రతులు అచ్చువేయించి యిమ్మని యడిగెను. ఒకటి గోడకు, ఒకటి నష్టపరిహారపు దరఖాస్తుతో జతపరచుటకు. తీసిన తేదీ, వేళ చిత్రముతోపాటే కెమేరా వ్రాసిపెట్టుకొనును గనుక, వానిని ప్రతి చిత్రము వెనుక సిరాతో వ్రాసి యిచ్చితిమి. వెల పుచ్చుకొనలేదు. మొన్న ఆయన బస్సులో వేసి పంపిన బొండముల గెల మా వాకిట నున్నది. మిగిలిన మూడు చెట్లలో దేనిదో చీటిలో వ్రాయలేదు.